23 మంది.. ఒక సోపాన చిత్రం
అమ్ఘరా క్యాంపులో తొమ్మిదో తరగతి లెక్కల పాఠం

శుక్రవారం. జుమ్మా నమాజుకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. వంటగదిలో ఒకరి కుక్కరు దిగితే ఇంకొకరి కుక్కరు ఎక్కుతోంది. ఉతికిన బట్టలు మెట్ల కమ్మీల మీద ఆరుతున్నాయి. పాత ఇనుము, గోడౌన్లు, వర్క్‌షాపులు అంటే గుర్తొచ్చే అమ్ఘరాలో వారానికి ఒక్కసారి దొరికే తీరిక ఇది. ఇక్కడ మధ్యాహ్నం మూడైతే మన ఊళ్ళో అయిదున్నర. పిల్లలు బడి నుంచి ఇల్లు చేరే వేళ. క్యాంపు అంతా ఫోన్లే.

మేము ఆ రోజు ఆ క్యాంపుకు వెళ్ళింది వేరే పని మీద. నీళ్ళ ట్యాంకరు సరిగ్గా రావడం లేదని ఒక పాఠకుడు ఫోన్ చేస్తే ఆ సంగతి కనుక్కుందామని వెళ్ళాం. తీరా వెళ్ళేసరికి ఒక గదిలో ఏడెనిమిది మంది నేల మీద గుంపుగా కూర్చుని ఉన్నారు. పేకాట అనుకున్నాం. కాదు. సిమెంటు బస్తా కాగితం విప్పి పరిచి, షట్టరింగు కార్పెంటరు ఒకాయన మట్టం పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి గళ్ళు గీస్తున్నాడు. పక్కన గోడకు ఆనించిన ఫోనులో ఆయన కూతురు.

"నాయనా, గళ్ళు సమానంగా రావాల. సోపాన చిత్రానికి అదే ముఖ్యం" అంటోంది ఆ పాప.

"మట్టం పెట్టి గీసేవానికే చెప్తాండావా తల్లీ" అని ఆయన నవ్వాడు.

రాయచోటి దగ్గరి పల్లె వాళ్ళది. పాప తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో హిస్టోగ్రామ్ అనే దాన్ని మన తెలుగు లెక్కల పుస్తకాల్లో సోపాన చిత్రం అంటారు. సోపానం అంటే మెట్టు. కనీసం 20 మంది దగ్గర ఏదో ఒక వివరం సేకరించి, పట్టిక వేసి, బొమ్మ గీసి, ఆ బొమ్మ ఏం చెబుతోందో అయిదు వాక్యాలు రాసుకురమ్మని టీచరు ప్రాజెక్టు ఇచ్చారట. తోటి పిల్లలు ఎత్తులు కొలిచారు, మార్కులు రాసుకున్నారు. ఈ పాపకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. 'మా నాయన క్యాంపులో ఎవరు ఇంటికి పోయొచ్చి ఎన్ని నెలలైంది?' ఇదీ ఆమె ప్రశ్న.

తండ్రి రెండు రాత్రులు గదులన్నీ తిరిగి అడిగాడు. మూడు గదులు కలిపి 23 మంది. కొందరు పాస్‌పోర్టు తీసి స్టాంపు చూసి చెప్పారట. చాలామందికి చూడాల్సిన అవసరమే రాలేదు. నెలలు అడిగితే రోజులతో సహా చెప్పినవాళ్ళు ఉన్నారు.

ఆ అంకెలు ఇవీ (ఎవరినీ గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చి వేస్తున్నాం, లెక్క తీరు మారలేదు): 2, 4, 5, 7, 9, 10, 11, 13, 14, 16, 17, 18, 19, 20, 21, 22, 23, 24, 26, 28, 31, 34, 81.

చివరి అంకె దగ్గరికి తర్వాత వద్దాం.

మెట్లు కట్టడం

23 అంకెలు వరసగా చదివితే మనసుకు ఏమీ అందదు. అందుకే మొదట వాటిని సంచుల్లో వేయాలి. ఏడాదికి ఒక సంచి అనుకున్నారు. 0 నుంచి 12 నెలల లోపు ఒకటి, 12 నుంచి 24 లోపు ఇంకొకటి, 24 నుంచి 36 లోపు మరొకటి. పుస్తకం భాషలో ఈ సంచి పేరు తరగతి. అందులో ఎంతమంది పడ్డారో ఆ లెక్క పేరు పౌనఃపున్యం. మాట నోరు తిరగదు గానీ సంగతి చిన్నదే: ఎందరున్నారు అని.

ఇక్కడే మొదటి తగాదా. సరిగ్గా 24 నెలలైన మనిషి ఏ సంచిలోకి? ఆయనది జగిత్యాల వైపు. "నన్ను ఇటు ఎయ్యున్రి, రెండేండ్ల లోపల్నే ఉంట" అని పట్టుబట్టాడు. పాప ఒప్పుకోలేదు. పై హద్దు మీద పడిన అంకె తర్వాతి తరగతికే పోవాలని పుస్తకంలో ఉందట. 12-24 అంటే 12 ఉంటుంది, 24 ఉండదు. అలా ఒక కట్టుబాటు పెట్టుకోకపోతే ఒకే మనిషి రెండు మెట్ల మీదా నిలబడతాడు, మొత్తం 24 మంది అవుతారు. ఆయన్ను మూడో సంచిలో వేశారు. "ఒక్క దినం ముందల అడిగితే బాగుండు" అని ఆయన గొణిగాడు.

సంచులు నిండాయి. మొదటి ఏడాదిలో 7, రెండో ఏడాదిలో 10, మూడో ఏడాదిలో 5. చివరాఖరున ఒక్కరు.

మనం పత్రికల్లో ఎక్కువగా చూసేది కమ్మీ చిత్రం. ఫలానా జిల్లాలో వాన ఇంత, పక్క జిల్లాలో అంత అని విడివిడిగా స్తంభాలు ఉంటాయే, అది. అందులో స్తంభాల మధ్య సందు ఉంటుంది. జిల్లాల వరస మార్చినా తప్పు లేదు. సోపాన చిత్రంలో సందు ఉండదు, వరస మార్చడానికీ వీల్లేదు. కింద ఉన్నది కాలం. 12వ నెల తర్వాత 13వ నెల రావలసిందే. రెండు మెట్ల మధ్య ఖాళీ కనిపిస్తే అది గీత పొరపాటు కాదు, ఆ కాలంలో మనుషులు లేరని అర్థం.

కార్పెంటరు పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది. 36 నుంచి 72 దాకా ఎవరూ లేరు. ఖాళీ మెట్లు ఎందుకు, కాగితం దండగ అనుకుని, 24 నుంచి 84 దాకా ఒకే పెద్ద మెట్టు గీసేశాడు. అందులో ఆరుగురు కాబట్టి ఎత్తు 6. చూడ్డానికి శుభ్రంగా ఉంది. మాకూ తప్పేమీ కనిపించలేదు, నిజం చెప్పాలంటే.

పాప ఫోనులో చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నాయనా, నీ బొమ్మ జూస్తే క్యాంపులో సగానికి పైన రెండేండ్ల నుంచి ఇల్లు చూడనట్ల ఉంది."

మళ్ళీ చూశాం. నిజమే! కన్ను ఎత్తును మాత్రమే చూడదు, మెట్టు ఆక్రమించిన జాగా మొత్తాన్ని చూస్తుంది. ఒక ఏడాదిని ఒక గడి వెడల్పు అనుకుంటే మొదటి మెట్టు 7 గళ్ళు, రెండోది 10 గళ్ళు. ఈ పెద్ద మెట్టు వెడల్పు 5 గళ్ళు, ఎత్తు 6, అంటే 30 గళ్ళు. 17 మంది 17 గళ్ళలో ఉంటే ఆరుగురు 30 గళ్ళు ఆక్రమించారు! మెట్టు వెడల్పు పెంచితే ఎత్తు ఆ మేరకు తగ్గించాలి. అయిదింతలు వెడల్పు కాబట్టి ఎత్తు ఆరులో అయిదో వంతు, అంటే 1.2 మాత్రమే. అప్పుడు ఆరుగురూ ఆరు గళ్ళలోనే ఉంటారు. తొమ్మిదో తరగతి పుస్తకంలో పిల్లలు ఎక్కువగా తప్పు చేసే లెక్క ఇదే. పెద్దవాళ్ళు దాన్ని చూసి మోసపోవడమూ ఇక్కడే. రంగుల కాగితాల మీద ఏ కంపెనీ బొమ్మ చూపించినా ముందు కింది గీత మీది అంకెలు చదవండి, మెట్లన్నీ ఒకే వెడల్పు ఉన్నాయో లేదో చూడండి.

కార్పెంటరు కాగితం తిప్పి మళ్ళీ గీశాడు. ఈసారి ఖాళీ మెట్లను ఖాళీగానే వదిలాడు.

బొమ్మ ఏం చెబుతోంది

సంచి వెడల్పు మారిస్తే బొమ్మ మారుతుంది. రెండేళ్ళకు ఒక మెట్టు కడితే 17, 5, 0, 1 అని వస్తుంది. అందులో ఏమీ తెలియదు, అందరూ ఒకే రాశిలో పడిపోతారు. ఆరు నెలలకు ఒక మెట్టు కడితే 3, 4, 4, 6, 3, 2 వచ్చి, తర్వాత పెద్ద ఖాళీ. ఈ రెండో బొమ్మ చూడండి. మెట్లు మెల్లగా పైకి ఎక్కుతూ 18-24 నెలల దగ్గర శిఖరం చేరతాయి. 24 దాటగానే ఆరు కాస్తా మూడైపోయింది, సగానికి సగం.

ఎందుకలా అని పాప అడిగింది. పుస్తకంలో దానికి జవాబు లేదు. క్యాంపులో ఎవరిని అడిగినా చెబుతారు. రెండేళ్ళకోసారి టికెట్టు ఇచ్చే కంపెనీలే ఎక్కువ. రెండేళ్ళు నిండగానే ఇంటికి వెళ్తారు, తిరిగొచ్చి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతారు. అందుకే ఆ మెట్టు దగ్గర జనం పోగై అక్కడితో తగ్గిపోతారు. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, 2010 నాటి 6వ నంబరు చట్టం, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. సెలవు ఏటా ఉన్నా టికెట్టు రెండేళ్ళకోసారి వస్తే మనిషి కదిలేది టికెట్టు వచ్చినప్పుడే. పాప తన అయిదు వాక్యాల్లో మొదటిది ఇదే రాసుకుంది.

ఆ తర్వాత అడిగింది, "నాయనా, చివర 81 అని ఉండాదే, అది తప్పు పడిందేమో. 18 ని తిప్పి రాసినావేమో చూడు."

గదిలో మాటలు ఆగిపోయాయి.

అలాంటి అనుమానం రావడం మంచి విద్యార్థి లక్షణం. ఒక అంకె మిగతావాటికి మరీ దూరంగా పడితే ముందు రాయడంలో పొరపాటేమో చూసుకోవాలి. అంకెలు తారుమారు కావడం మామూలే. అయితే ఆ 81 నెలల మనిషి అక్కడే, మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిత్తూరు వైపు ఆయన. యాభై దాటిన మనిషి. క్యాంపులో అందరూ మామా అంటారు.

కార్పెంటరు ఏం చెప్పాలో తోచక ఫోను వంక చూస్తుంటే మామే వంగి అన్నాడు: "తప్పు కాదమ్మా. ఎనభై ఒకటే. నాదే అది."

పాప నోట మాట రాలేదు. కాసేపటికి "సరే పెద్దనాయనా" అంది.

ఆయన కథ పెద్దదేమీ కాదు, మన పాఠకుల్లో చాలామందికి తెలిసినదే. సెలవు వంతు వచ్చిన ఏడాదే కరోనా. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఆ ఏడు ఇంటికెళ్ళిన కొందరు నెలల తరబడి తిరిగి రాలేకపోవడం చూసి భయపడ్డాడు. తర్వాతిసారి పెద్ద కూతురి పెళ్ళి. సెలవు జీతం, టికెట్టు డబ్బు చేతికి తీసుకుని ఇంటికి పంపాడు. పెళ్ళి వీడియోలో చూశాడు. ఆ తర్వాత చిన్న కూతురి చదువు.

"తలా ఒక కారణం ఉంటాది లేప్పా" అని తేల్చేశాడు ఆయన.

వరండాలో పెట్టె

అంతవరకు తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కుర్రాడు ఒకడు అప్పుడు లోపలికొచ్చాడు. తాడేపల్లిగూడెం వైపు అబ్బాయి, రెడీమిక్స్ ప్లాంటు ల్యాబ్‌లో టెక్నీషియన్. "ఇంకో బొమ్మ ఉందండి. మాకు ల్యాబ్‌లో రెండూ కావాలండి" అన్నాడు.

వాళ్ళ పని ఇదీ. పోసిన కాంక్రీటులోంచి కొంత తీసి అచ్చుల్లో క్యూబులు చేస్తారు. 28 రోజులు నీళ్ళలో నానబెట్టి మెషీన్‌లో పెట్టి పగలగొడతారు. ఎంత బరువుకు పగిలిందో రాసుకుంటారు. "సగటు బాగుందని ఊరుకుంటే కుదరదండి. సగటు మీద స్లాబు నిలబడదు. బలహీనమైన క్యూబు ఎక్కడుంది, ఎంత దూరంలో ఉంది, అది చూడాలండి." నాణ్యత చూసే పనివాళ్ళు వాడే పనిముట్లలో సోపాన చిత్రం ఒకటి. దాని పక్కన ఇంకోటి బాక్స్ ప్లాట్, అంటే పెట్టె బొమ్మ.

ఈ పెట్టె బొమ్మ మనలో చాలామంది చదివిన పుస్తకాల్లో లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆరో తరగతిలోనే నేర్పుతారు. అక్కడి తెలుగు పిల్లలకు బాగా తెలుసు. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు జాన్ ట్యూకీ అనే అమెరికన్. 1977లో వచ్చిన ఆయన పుస్తకంతో అందరికీ చేరింది. సోపాన చిత్రం అంతకంటే చాలా పాతది. హిస్టోగ్రామ్ అనే పేరు పెట్టింది 1890లలో ఇంగ్లండుకు చెందిన కార్ల్ పియర్సన్.

కుర్రాడు కాగితం అడగలేదు. "అందరూ వరండాలోకి రండి" అన్నాడు.

వరండా నేలకు గచ్చు పలకలు ఉన్నాయి. ఒక పలక ఒక నెల అన్నాడు. గోడ దగ్గర సున్నా. 2 నెలల మనిషి రెండో పలక మీద, 4 నెలల మనిషి నాలుగో పలక మీద, అలా వరసగా నిలబడ్డారు. వంట వదిలేసి గరిటెతో వచ్చినవాళ్ళూ ఉన్నారు. నవ్వులు, కేకలు. 34 నెలల మనిషి వరండా చివరికి చేరాడు. ఆ తర్వాత గుమ్మం, గుమ్మం అవతల ఇసుక.

మామకు చోటు లేదు.

"ఊరికే చివర నిలబడతాలే" అన్నాడు. కుర్రాడు ఒప్పుకోలేదు, కొలత కొలతే అన్నాడు. కార్పెంటరు టేపు తీశాడు. పలక కొలతతో లెక్కగట్టి బయటికి నడిచారు. మామ గుమ్మం దాటి, ఇసుకలో నడుచుకుంటూ, నీళ్ళ ట్యాంకు దాటి ప్రహరీ గోడ దగ్గర ఆగాడు. ఎండలో ఒక్కడే. ఇక్కడి నుంచి అందరం ఆయన్నే చూస్తున్నాం.

కుర్రాడు లెక్క మొదలుపెట్టాడు. 23 మందిలో నడిమి మనిషి 12వ వాడు. ఆయనకు ఇటు 11 మంది, అటు 11 మంది. ఆయన నిలబడింది 18వ పలక మీద. ఇదే మధ్యగతం. ఇటువైపు 11 మందిలో నడిమివాడు 6వ మనిషి, 10వ పలక. అటువైపు నడిమివాడు 18వ మనిషి, 24వ పలక, ఇందాక తగాదా పెట్టుకున్న జగిత్యాల ఆయనే. కార్పెంటరు నూలుదారం తెచ్చి 10వ పలక నుంచి 24వ పలక దాకా చుట్టూ కట్టాడు. అదే పెట్టె. మనుషుల్లో నడిమి సగం మంది అందులో ఉన్నారు. పెట్టె నుంచి ఇటు చివరి మనిషి దాకా ఒక గీత, అటు ఒక గీత. ఇంగ్లీషులో వీటిని పిల్లి మీసాలంటారట.

"పెట్టెలో నడిమి గీతకు ఇటువైపు భాగం పెద్దది, అటువైపు చిన్నది. చిన్న దాంట్లో మనుషులు తక్కువనా?" అని ఎవరో అడిగారు. మేమూ అదే అనుకున్నాం. కాదు. రెండు వైపులా అయిదుగురేసి ఉన్నారు, లెక్కబెట్టుకుని చూశాం. 10 నుంచి 18 దాకా ఎనిమిది పలకల్లో ఉన్నవాళ్ళు, 18 నుంచి 24 దాకా ఆరు పలకల్లో సర్దుకున్నారు. పెట్టె బొమ్మలో ఇరుకు అంటే మనుషులు తక్కువని కాదు, భుజాలు రాసుకుంటూ నిలబడ్డారని. ఈ ఒక్క సంగతి పట్టుబడితే పెట్టె బొమ్మ చదవడం వచ్చినట్టే. సోపాన చిత్రంలో ఎత్తు మెట్టు అంటే జనం ఎక్కువ. పెట్టె బొమ్మలో సన్న భాగం అంటే జనం దగ్గరదగ్గరగా ఉన్నారని. రెండూ ఒకే మాట చెబుతాయి, 24వ నెలకు ముందు కిక్కిరిసి ఉన్నారని.

మరి మామ? మీసం ఆయన దాకా లాగాలా? దానికి ట్యూకీ పెట్టిన కొలత ఉంది. పెట్టె పొడవు 14 పలకలు. దానికి ఒకటిన్నర రెట్లు 21. పెట్టె అంచు 24కు ఆ 21 కలిపితే 45. ఆ హద్దు లోపల ఉన్న చివరి మనిషి దగ్గర మీసం ఆగిపోతుంది. ఇక్కడ 34 దగ్గర. హద్దు దాటిన వాళ్ళకు విడిగా చుక్క పెడతారు.

"చుక్క పెట్టడమంటే తీసేయడం కాదండి. తీసేయకూడదనే చుక్క పెడతాం" అన్నాడు కుర్రాడు. ల్యాబ్‌లో అలాంటి క్యూబు వస్తే ముందు మెషీన్ సరిగ్గా ఉందా అని చూస్తారట, తర్వాత ఆ కాంక్రీటు ఎక్కడ పోశారో వెతుక్కుంటూ పోతారట.

సగటు సంగతి

అందరం లోపలికి వచ్చాక సగటు కట్టాం. 23 మంది నెలలు కూడితే 455. భాగిస్తే ఇంచుమించు 19.8. మామ ఒక్కడిని పక్కన పెట్టి కడితే 374ను 22తో భాగించాలి, సరిగ్గా 17. ఒక్క మనిషి సగటును దాదాపు మూడు నెలలు జరిపేశాడు. నడిమి మనిషి లెక్కయితే 18 నుంచి 17.5కు వచ్చింది, అర నెల. మామ 81 నెలల బదులు 181 నెలలు వెళ్ళకపోయినా మధ్యగతం 18 దగ్గరే ఉంటుంది.

దీన్ని మన జేబుకు తెచ్చుకుందాం. ఒక ఉదాహరణ వేసుకోండి. ఒక సైటులో పది మంది హెల్పర్లు, ఒక్కొక్కరికి 90 దినార్లు. ఒక ఇంజనీరు, 900 దినార్లు. పదకొండు మందికి మొత్తం 1,800. సగటు 163 దినార్ల పైచిలుకు. 'మా కంపెనీలో సగటు జీతం 160 దినార్లు దాటుతుంది' అని ఊళ్ళో ఏజెంటు చెబితే అది అబద్ధం కాదు. కానీ ఆ సైటులో 160 తీసుకునే మనిషి ఒక్కడూ లేడు! అదే ఏజెంటును 'జీతాల వరసలో నడిమి మనిషికి ఎంత?' అని అడగండి. 90 అని చెప్పక తప్పదు. అప్పు చేసి వీసా కొనే తమ్ముడికి ఈ ఒక్క ప్రశ్న నేర్పి పంపితే ఎన్ని ఇళ్ళు నిలబడతాయో! మా పత్రికకు వచ్చే ఉత్తరాల్లో 'చెప్పిన జీతం వేరు, ఇచ్చిన జీతం వేరు' అన్న మాట కనిపించని వారం అరుదు. అన్నీ సగటు గారడీలే అనడం లేదు, నేరుగా మోసాలే ఎక్కువ. కానీ నిజం చెబుతూ మోసం చేయడానికి మాత్రం సగటును మించిన సాధనం లేదు.

పిల్లల మార్కులకూ ఇదే. తరగతి సగటు కంటే తక్కువ వచ్చాయని ఫోనులో అరిచే తండ్రులు ఈ గదిలోనే ఇద్దరున్నారు. ఇద్దరు ముగ్గురికి నూటికి తొంభై అయిదు పైన వస్తే సగటు పైకి లేస్తుంది. అప్పుడు వరసలో సరిగ్గా నడుమ ఉన్న పిల్లవాడు కూడా సగటుకు కిందే కనిపిస్తాడు. అరిచే ముందు నడిమి మార్కు ఎంతో అడిగి తెలుసుకోండి.

ఈ లెక్కల శాస్త్రంలో ప్రపంచమంతా పేరు చెప్పుకునే మనిషి ఒకరు మనవాళ్ళే. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి ఉద్యోగం వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం, ఇలా ఊళ్ళు మారుతూ చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, యుద్ధకాలంలో ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941లో అందులో చేరిపోయారు. 2023లో ఈ రంగంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఉద్యోగం కోసం పరాయి ఊరు వెళ్ళి, అనుకున్న పని దొరక్క, ఇంకో తలుపు తట్టిన కథ మనకు కొత్త కాదు కాబట్టి చెప్పాం.

పాప ప్రాజెక్టు పూర్తయింది. రెండు బొమ్మలూ గీసింది. అయిదు వాక్యాలు అడిగితే ఏడు రాసింది. చుక్క దగ్గర ఏం రాసిందో మాకు చదివి వినిపించింది. 'ఈ విలువ తప్పు కాదు. ఆయనను అడిగి తెలుసుకున్నాను' అని. టీచరు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పెట్టె బొమ్మ ఎవరు నేర్పారని అడిగారట. "క్యాంపులో చిన్నాయన" అని చెప్పిందట. తాడేపల్లిగూడెం కుర్రాడికి పెళ్ళి కూడా కాలేదు, అప్పుడే చిన్నాయన అయిపోయాడని క్యాంపులో ఒకటే నవ్వులు.

సిమెంటు కాగితం మీది బొమ్మను కార్పెంటరు అల్మరా తలుపు లోపల అతికించాడు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు మళ్ళీ ఫోన్ చేశాం. బొమ్మ పాతబడిపోయింది అన్నాడు. నిజమే కదా, నెల గడిస్తే ఇంటికి వెళ్ళని ప్రతి మనిషీ ఒక పలక కుడికి జరుగుతాడు. జగిత్యాల ఆయన ఇంటికి వెళ్ళాడు, తిరిగొస్తే సున్నా దగ్గర నిలబడతాడు. ఇంకొకాయన టికెట్టు చేతికొచ్చింది.

మామ ఆ శుక్రవారం తర్వాత సెలవు కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాడట. కాగితం రాసిపెట్టింది ల్యాబ్ కుర్రాడే. జవాబు ఇంకా రాలేదు. ఈ నెలతో ఆయన పలక 83.